ఫాలో-అప్‌లో లేనివారు

మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఇలియాస్ లాప్‌టాప్ చంకన పెట్టుకుని డాక్టర్ హైమావతి గదిలోకి వచ్చి, కూర్చోమనక ముందే తలుపు మూశాడు. ఎనిమిదేళ్ల కిందట ఆమె దగ్గరే పీహెచ్‌డీ చేసినవాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆమె గది తలుపు తనంతట తాను మూసి ఎరగడు.

"ఏంటయ్యా, అవార్డు కబురా?" అంది హైమావతి నవ్వుతూ.

"మీ ఫలశ్రుతి వచ్చింది మేడమ్. అవార్డు కమిటీకి పంపేముందు మీకు చూపించాలనిపించింది."

ఫలశ్రుతి అన్నది ఇలియాస్ నాలుగేళ్లు కష్టపడి తయారుచేసిన యంత్రానికి అతనే పెట్టుకున్న పేరు. అంతవరకూ ఒక వైద్య పరిశోధకుడి గొప్పతనాన్ని, ఎన్ని పేపర్లు రాశాడు, వాటిని ఎంతమంది తమ పేపర్లలో పేర్కొన్నారు అన్న లెక్కతో కొలిచేవారు. అలా పేర్కొనడాన్నే సైటేషన్ అంటారు. హైమావతికి రెండూ దండిగా ఉన్నాయి. నూట అరవై ఎనిమిది పేపర్లు, పదకొండు వేల పైచిలుకు సైటేషన్లు. పాముకాటు మీద దేశంలో ఎవరేం రాసినా చివర్లో ఆమె పేరు రాయక తప్పదు.

ఫలశ్రుతి సైటేషన్ల దగ్గర ఆగదు. పేపరు నుంచి ప్రభుత్వ చికిత్సా నియమాలకీ, అక్కడి నుంచి ఆసుపత్రుల్లోని కేస్ షీట్లకీ పోతుంది. దేశంలోని కేస్ షీట్లన్నీ ఒకే చోట చేరి అప్పటికి చాలా ఏళ్లయింది. యంత్రం ఒక్కో రోగినీ తీసుకుని, ఈ పేపరే లేకపోతే ఈ మనిషికి ఏ వైద్యం జరిగి ఉండేది, ఏమై ఉండేవాడు అని లెక్క కడుతుంది. చివరికి రెండే అంకెలు ఇస్తుంది. ఈ పేపరు వల్ల బతికినవాళ్లు, ఈ పేపరు వల్ల పోయినవాళ్లు.

ఇలియాస్ తెర ఆమె వైపు తిప్పాడు. ఆమె పేపర్లన్నిటిలోకీ ఎక్కువ సైటేషన్లు ఉన్నది, దేశమంతా 'ఆరు వయల్స్ పేపరు' అని పిలిచేది, పైనే ఉంది. పాము విషానికి విరుగుడు మందు ఇరవై వయల్స్, అంటే ఇరవై చిన్న సీసాలు, ఎక్కించనక్కర్లేదు, ఆరు చాలు అని నిరూపించిన పేపరు. అప్పట్లో ఆ మందుకి దేశమంతా కటకటగా ఉండేది. ఆ పేపరు వచ్చాక ఒకరికి సరిపోయే మందు ముగ్గురికి సరిపోయింది.

బతికినవాళ్లు: 7,216. పోయినవాళ్లు: 431.

"మీ కేటగిరీలో దేశంలో మీరే మొదటివారు మేడమ్. సర్టిఫికెట్ మీద తీసివేత అయ్యాక వచ్చిన అంకె ఒక్కటే ఉంటుంది."

"ఇందుకు తలుపెందుకు మూశావు?"

ఇలియాస్ మ్యాప్ తెరిచాడు. "పోయినవాళ్లు దేశమంతా చెదురుమదురుగా ఉంటారనుకున్నాను. అలా లేరు. నాలుగొందల ముప్ఫై ఒక్కరిలో మూడొందల ఎనభై ఎనిమిది మంది మన విశాఖ ఎగువన ఈ ఒక్క కొండపట్టీలోనే ఉన్నారు. అన్నీ రక్తపింజర కాట్లే. మీ ట్రయల్‌లో ఈ ప్రాంతం వాళ్లు కూడా ఉన్నారు కదా మేడమ్? అప్పుడు ఇలా కనపడి ఉండాలే. ఎందుకు కనపడలేదో నాకు అర్థం కావడం లేదు."

హైమావతికి అర్థమైంది. అతను మ్యాప్ తెరవగానే అర్థమైంది.

పదకొండేళ్ల కిందట ఆరు వయల్స్ మోతాదుని పరీక్షించిన ఆ ట్రయల్‌లో రెండొందల నలభై మంది రోగులు. అందులో పద్నాలుగు మంది రెండోరోజు బాగానే ఉన్నామని ఇళ్లకి వెళ్లిపోయి తిరిగి రాలేదు. అందరూ కొండపట్టీ వాళ్లే. వాళ్లని వెతికి రమ్మని సింహాచలం అనే ఫీల్డు వర్కర్ని పంపింది. అతను మోటారు సైకిలు మీద పద్దెనిమిది రోజులు తిరిగి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, ఇదే గదిలో నిలబడి చెప్పాడు. ఇద్దరు బతికే ఉన్నారు. ముగ్గురి జాడ తెలియలేదు. తొమ్మిది మంది పోయారు. ఇంటికెళ్లిన మర్నాడో, మూడోరోజో ఒంట్లోంచి రక్తం పోయి, మూత్రం ఆగిపోయి పోయారు.

అప్పటికి ట్రయల్ లెక్కలు మూసేసి రెండు వారాలైంది. ఒకసారి మూశాక కొత్త సమాచారం చేర్చకూడదన్నది నియమం. పోస్టుమార్టమ్ లేదు, కాగితం లేదు. విషం వల్లే పోయారని ఎవరు చెప్పగలరు? పేపరు వేసే వైద్య పత్రిక గడువు నాలుగు రోజుల్లో ఉంది. మూడో పట్టిక కింద చిన్న అక్షరాలతో, మళ్లీ పరీక్షకి రానివాళ్ల గురించి ఒక్క వరస రాసింది: 'ఫాలో-అప్‌లో లేనివారు: 14.' అందులో అబద్ధం లేదు. అందుకే పదకొండేళ్లు సుఖంగా నిద్రపోయింది.

"పేర్లు ఉన్నాయా?" అంది.

"ఉన్నాయి. కానీ చూడనక్కర్లేదు మేడమ్. చూసి ఏం చేస్తారు?"

"పంపించు."

*

ఆ జాబితా ఆమె సాయంత్రం ఇంట్లో, బాల్కనీలో కూర్చుని చదివింది. పేరు, వయసు, ఊరు, ఆసుపత్రి, డ్యూటీ డాక్టరు. రెండొందల పన్నెండో వరస దగ్గర ఆగిపోయింది.

పువ్వల చిన్నమ్మి. పంతొమ్మిది. గుమ్మడివలస ఏరియా ఆసుపత్రి. డ్యూటీ డాక్టరు: కిల్లి మృణాళిని.

మృణాళిని హైమావతి కూతురు. ఆ సమయానికి వంటింట్లో ఇద్దరికీ ఉప్మా కలుపుతోంది. రెండేళ్ల కిందటి వరకూ గుమ్మడివలసలో డాక్టరు. ఇప్పుడు నగరంలో ఒక బీమా కంపెనీ ఆఫీసులో కూర్చుని, ఎవరి ఆసుపత్రి బిల్లు సరైనదో ఎవరిది కాదో చూసి సంతకం పెడుతుంది. స్టెతస్కోపు ఎక్కడ పెట్టిందో తనకే తెలియదు.

చిన్నమ్మికి రక్తపింజర కరిచిన గంటలోపే ఆసుపత్రికి తెచ్చారు. మృణాళిని ఆరు వయల్స్ ఎక్కించింది. గాజు ట్యూబులో రక్తం తీసి నిలబెట్టి, ఇరవై నిమిషాలాగి చూస్తే గడ్డకట్టింది. అంటే విషం విరిగినట్టే. పిల్ల లేచి కూర్చుని కబుర్లు చెప్పింది. మర్నాడు పొద్దున మూత్రంలో రక్తం. విశాఖ తీసుకొస్తుంటే దారిలో పోయింది.

ఆ రోజు ఫోనులో ఏడుస్తున్న కూతురిని హైమావతి ఒక ప్రశ్న అడిగింది. "ట్యూబు కచ్చితంగా ఇరవై నిమిషాలకే చూశావా? ఏ నలభై నిమిషాలో వదిలేసి చూశావా? అప్పుడు మామూలుగా గడ్డకట్టనిది కూడా కట్టినట్టు కనపడుతుంది."

అప్పుడు మృణాళిని రెండు కాన్పుల మధ్య పరిగెడుతూ ఉంది. ఇరవై నిమిషాలకే చూశానని ప్రమాణం చేసి చెప్పలేకపోయింది. నెల తిరక్కుండా ఉద్యోగం మానేసింది. నిమిషాల ముల్లున్న గడియారం ఎక్కడ కనపడినా చూపు తిప్పుకునేది.

"అమ్మా, చల్లారిపోతోంది రా" అని లోపల్నుంచి పిలిచింది.

హైమావతి లాప్‌టాప్ మూసి వెళ్లింది. ఉప్మా తింది. బాగుందని చెప్పింది. 

*

మర్నాడు టాక్సీ మాట్లాడుకుని సింహాచలం ఊరు వెళ్లింది. రిటైరై అతను మేకలు పెంచుకుంటున్నాడు. దొడ్లో తుమ్మకొమ్మలు నరుకుతున్నవాడు ఆమెని చూసి కత్తి కింద పెట్టి, తువ్వాలుతో అరుగు దులిపాడు.

"అమ్మగారూ! కబురెడితే నానే వచ్చీవోణ్ణి కదా. ఇంత దూరం మీరేటి?"

"ఆనాడు నువ్వు ఊళ్లు తిరిగి రాసుకున్న కాగితాలు ఏమైనా మిగిలాయా సింహాచలం? ఆ పద్నాలుగు మందివి?"

అతను ఆమె ముఖం కేసి చూశాడు. "ఇన్నాళ్లకా అమ్మా" అన్నాడు. లోపలికి వెళ్లి ట్రంకు పెట్టెలోంచి ప్లాస్టిక్ సంచి తెచ్చాడు. అందులో పద్నాలుగు ఫారాలు. జాడ తెలియని ముగ్గురివి తప్ప ప్రతిదాని వెనకా పెన్సిలుతో చేసిన రాత, కుటుంబంలో ఒకరి వేలిముద్ర.

"ఇవి అప్పుడే నాకెందుకు ఇవ్వలేదు?"

"ఇచ్చినాను కదమ్మా. బల్ల మీద ఎట్టినాను. లెక్క మూసీసినాం, ఇవి ఇంక అక్కర్లేదు, నీ కాడ ఉంచుకో అన్నారు మీరు." అతని గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాడు. "పారీడానికి సెయ్యి రాలేదు. ఏలిముద్రలేసినారు కదా ఆళ్లు. మళ్లీ వత్తాను, మందు గురించి పెద్దమ్మగారు ఏటో ఒకటి సేత్తారు అని సెప్పొచ్చినాను. ఆ తరవాత ఆ ఊళ్ల మొకం సూడనేదు నాను. బదిలీ అడిగి కోస్తా పక్కకెల్లిపోనాను."

"నామీద కోపం రాలేదా?"

"కోపం ఏటమ్మా. మీరు సదువుకున్నోరు. తొమ్మిది మందిని తీసీసినా లెక్క సరిపోద్దంటే, సరిపోద్దేమో అనుకున్నాను." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇప్పుడేటయింది? సరిపోలేదా?"

హైమావతి సంచి ఒళ్లో పెట్టుకుని తల ఊపింది. సరిపోలేదని.

*

ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ నరసింగరావు ఫారాలన్నీ ఓపిగ్గా చూశాడు. చెడ్డవాడు కాదు. ఆమె కంటే ఆరేళ్లు చిన్న.

"దిద్దుబాటు ప్రకటన ఇద్దాం మేడమ్. కొండపట్టీలో రక్తపింజర కాటుకి ఆరు చాలవు, ఇరవై ఇవ్వాలి, మిగతా అన్నిచోట్లా ఆరే అని. అంతే కదా అసలు సంగతి?"

అంతే. అక్కడి రక్తపింజర విషం కాటు వేసినచోట కండలో నిలవుండి, కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతుంది. ఆరు వయల్స్ మొదటి విడత విషాన్ని విరిచేస్తాయి. రోగి లేచి కూర్చుంటాడు. రెండో విడత దిగేసరికి మందు ఒంట్లో ఉండదు. దేశంలో మిగతాచోట్ల పేపరు నిజమే.

కానీ పత్రికవాళ్లు ఒప్పుకోలేదు. వీడియో కాల్‌లో ముగ్గురు సంపాదకులు మర్యాదగానే మాట్లాడారు. తొమ్మిది మరణాలు తెలిసి దాచిన పేపర్ని సగం నమ్మమని లోకానికి చెప్పలేమన్నారు. మీరు ఈ సంగతి రాతపూర్వకంగా ఇస్తే పేపరు మొత్తం ఉపసంహరిస్తాం. ఇవ్వకపోతే ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. కొత్త ట్రయల్ చేసి కొత్త పేపరు రాయండి, అది వేరే సంగతి అన్నారు.

కొత్త ట్రయల్‌కి మూడేళ్లు.

"మొత్తం వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో నీ యంత్రం చెబుతుందా?" అని ఇలియాస్‌ని అడిగింది హైమావతి. ఫలశ్రుతికి అప్పటిదాకా అలాంటి పని ఎవరూ చెప్పలేదు. అది వెనక్కే చూసేది. రెండు రోజులు కూర్చుని దాన్ని ముందుకి తిప్పాడు. లెక్క వచ్చాక ఫోను చెయ్యకుండా మనిషే వచ్చాడు.

"ఏమీ చెప్పకపోతే కొండపట్టీలో ఏడాదికి ముప్ఫై అయిదు మంది దాకా పోతారు. మూడేళ్లకి నూట అయిదు. పేపరు మొత్తం ఉపసంహరిస్తే దేశమంతా మళ్లీ ఇరవై వయల్స్‌కి పోతుంది. అంత మందు తయారు చేసే ఫ్యాక్టరీలు లేవు. నిల్వలు అయిపోతాయి. మూడేళ్లలో..." ఆగాడు. "పదిహేనొందలకి తగ్గరు మేడమ్."

నరసింగరావు కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే ఇంక ఆలోచించేదేముంది? మాట్లాడకుండా ట్రయల్ మొదలుపెడదాం. అవార్డు సంగతి పక్కన పెట్టండి, నేను అందుకోసం అనడం లేదు. మీరే చెప్పండి, నూట అయిదు ఎక్కువా, పదిహేనొందలు ఎక్కువా?"

హైమావతి జీవితమంతా అలాంటి ప్రశ్నలకే జవాబులు రాసింది. ఈ ప్రశ్నకి జవాబు కూడా తప్పేం కాదని ఆమెకి తెలుసు. ఆనాడు తొమ్మిది మందిని పక్కన పెట్టినప్పుడు కూడా లెక్క తప్పలేదు.

"ఆలోచిస్తాను" అని లేచింది.

*

ఆదివారం పొద్దున మృణాళిని బట్టలు ఆరేస్తుంటే హైమావతి పక్కన నిలబడి క్లిప్పులు అందిస్తూ చెప్పింది. మొదట ఫలశ్రుతి గురించి. తర్వాత మ్యాప్ గురించి. తర్వాత రెండొందల పన్నెండో వరస గురించి.

మృణాళిని తడి చీర చేతిలో పట్టుకుని వింది.

"అంటే ట్యూబు నేను సరిగ్గానే చూశాను."

"సరిగ్గానే చూశావు. నలభై నిమిషాలకి చూసినా, ఇరవైకి చూసినా అది గడ్డకట్టి ఉండేదే. తప్పు నీది కాదు మృణా. మోతాదుది."

"మోతాదుదా?" మృణాళిని ఆ మాట నెమ్మదిగా అంది. "మోతాదు దానంతటది రాసుకుందా?"

"నాది."

"రెండేళ్లు నన్ను చూస్తూ కూర్చున్నావు. పొద్దున లేచి ఆ దిక్కుమాలిన ఆఫీసుకి పోతుంటే టిఫిన్ బాక్సు సర్ది ఇచ్చావు."

"నాకు తెలియదమ్మా. మొన్న ఆ జాబితా చూసేదాకా..."

"చిన్నమ్మి ఎందువల్ల పోయిందో తెలియదు సరే. తొమ్మిది మంది సంగతి తెలుసు కదా? నేను గుమ్మడివలస పోస్టింగ్ తీసుకుంటుంటే, అక్కడ రక్తపింజరలు ఎక్కువ, జాగ్రత్త అని నువ్వే చెప్పావు. జాగ్రత్త అని చెప్పావు గానీ ఆరు చాలవు అని ఎందుకు చెప్పలేదు?"

హైమావతి దగ్గర ఆ ప్రశ్నకి జవాబు లేకపోలేదు. నిజంగానే తను మర్చిపోయింది. ఆ ఒక్క వరస రాశాక తొమ్మిది మందీ ఆ అంకెలో కలిసిపోయారు. కానీ కూతురితో మర్చిపోయానని ఎలా చెప్పడం?

"నీ డైరెక్టరు ఏమంటున్నాడు?" అంది మృణాళిని.

హైమావతి నూట అయిదు, పదిహేనొందలు చెప్పింది. మృణాళిని చేతిలో చీరని ఇంకోసారి పిండింది.

"ఇవాళ కూడా ఆ కొండల్లో ఏదో ఒక ఆసుపత్రిలో నాలాంటిది ఎవరో డ్యూటీలో ఉంటుంది" అంది. "ఆరు ఎక్కించి, ట్యూబు చూసి, బతికిందనుకుంటుంది. ఆ పిల్లకి చెప్పవా? లెక్క నాకు తెలియదమ్మా. చెప్పకుండా ఉండటం ఎలాగో నాకు తెలియదు."

తడి చీర అక్కడే బకెట్లో వేసి లోపలికి వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి బ్యాగు సర్దుకుంది. గుమ్మడివలసలో రెండేళ్లుగా డాక్టరు పోస్టు ఖాళీగానే ఉంది. ఎవరినీ అడగనక్కర్లేకుండా ఆమెని వెనక్కి తీసుకున్నారు.

సోమవారం హైమావతి ఒక ఉత్తరం రాసింది. పత్రికకి కాదు. కొండపట్టీలోని అరవై ఒక్క ఆసుపత్రులకి. మీ దగ్గర రక్తపింజర కాటుకి ఆరు వయల్స్‌తో ఆగకండి, మూడు రోజులు ఇంటికి పంపకండి అని. ఆధారం ఏమిటని అడుగుతారు కనుక తొమ్మిది మంది పేర్లూ, ఊళ్లూ, తేదీలూ రాసింది. ఇవి నాకు పదకొండేళ్లుగా తెలుసునని రాసి సంతకం పెట్టింది. నాగుపాము కాటుకి మాత్రం ఆరే ఇవ్వండి, మందు వృథా చెయ్యకండి అని రెండుసార్లు గీత గీసి రాసింది. ఆ ఉత్తరం ఆ అరవై ఒక్క చోట్లే ఉండిపోతే ఎవరికీ హాని లేదు.

ఉండిపోలేదు. నాలుగో రోజుకి టీవీలో వచ్చింది. పత్రికవాళ్లు ఆరో రోజున పేపరు ఉపసంహరించారు. గీత గీసి రాసిన మాట ఏ టీవీ చెప్పలేదు. 'పాముకాటు మందు మోతాదు తప్పు' అన్నది మాత్రమే దేశమంతా పాకింది. దగ్గు మందు తాగేవాడికి కూడా అనుమానమే. పాము కరిచినవాడి తాలూకు మనుషులు ఇరవైకి ఒక్కటి తగ్గినా డాక్టర్ని కొట్టేలా ఉన్నారు. డాక్టర్లు ఇరవై ఎక్కించారు. కొందరు భయానికి ముప్ఫై ఎక్కించారు.

ఇన్‌స్టిట్యూట్ ఆమెని సస్పెండ్ చేసింది. కారు వెనక్కిచ్చి, గది తాళాలు ఇచ్చి, సిటీ బస్సెక్కి ఇంటికి వచ్చింది.

ఆషాఢంలో వానలు పడ్డాయి. పాములు బయటికి వచ్చే రోజులు అవే. మందు నిల్వలు ఇలియాస్ యంత్రం చెప్పిన దానికంటే ముందే అడుగంటాయి.

అతను ఒకరోజు ఇంటికి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. యంత్రం తనంతట తాను ఒక పని చేసిందనీ, అది చెప్పకుండా ఉండలేకపోయాననీ అన్నాడు. పత్రికలో వచ్చిన ఉపసంహరణ ప్రకటన కింద హైమావతి పేరుంది కనుక, ఫలశ్రుతి దాన్ని కూడా ఆమె ప్రచురణల్లో చేర్చుకుంది. నూట అరవై తొమ్మిదోది. దాని కింద కూడా రెండు అంకెలు.

"బతికినవాళ్లు నలుగురు. కొండపట్టీలో. పోయినవాళ్లు..."

"చెప్పు."

"యాభై ఏడు. నెలన్నరకి." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను ఆ రోజు తలుపు మూసి మీకు చూపించకపోయుంటే బాగుండేది మేడమ్."

"నువ్వు చూపించకపోతే నాకు తెలియకపోయేది. అంతే. కొండల్లో వాళ్లు పోకుండా ఆగేవాళ్లు కాదు" అంది హైమావతి. ఆ మాట అతని కోసం అంది. తనకి మాత్రం నలుగురు, యాభై ఏడు అన్న రెండు అంకెలే వినపడుతున్నాయి.

*

మర్నాడు ఆమె గుమ్మడివలస వెళ్లింది. విశాఖలో తెలిసిన ఆసుపత్రులన్నీ తిరిగి, సిగ్గు విడిచి అడిగి, పదహారు వయల్స్ సంపాదించింది. అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంది.

మృణాళిని పెట్టె తీసుకుంది. "తిన్నావా?" అని అడిగింది. అంతకంటే మాట్లాడలేదు. వెళ్లిపొమ్మని కూడా అనలేదు. ఆసుపత్రి వెనక ఒక గది, మంచం, కుండ ఉన్న క్వార్టర్లో హైమావతి ఉండిపోయింది. పగలు వార్డులో కేస్ షీట్లు రాసిపెట్టేది. ట్యూబుల్లో రక్తం పెట్టి, గడియారం చూస్తూ కూర్చునేది. తను అంతకుముందు రోగుల్ని ఇంత దగ్గరగా చూసింది ఇరవై ఏళ్ల కిందట. పదహారు వయల్స్ వారానికి కూడా సరిపోలేదు. పైనుంచి ఇంకో పన్నెండు వచ్చాయి.

ఒక మంగళవారం పొద్దున పదిగంటలకి అరగంట తేడాలో ఇద్దర్ని తెచ్చారు. మొదట ఒక ముసలమ్మ. నాగుపాము. కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. తర్వాత తవిటయ్య అనే కూలి మనిషి, ముప్ఫై ఏళ్లుంటాయి. రక్తపింజర. కరిచి రాత్రంతా గడిచింది, చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. వెనక అతని తమ్ముడు, చంటిపిల్లని ఎత్తుకుని భార్య.

బీరువాలో పన్నెండు వయల్స్.

మృణాళిని బీరువా ముందు నిలబడి తల్లి కేసి తిరిగింది. రెండు నెలల్లో ఆమె కళ్లలోకి చూడటం అదే మొదటిసారి.

"చెప్పు" అంది. "నువ్వు చెప్పు."

"ముసలమ్మకి ఆరు ఇయ్యి. చాలుతాయి. అది నిజమే."

"అతనికి?"

"మిగతా ఆరు ఎక్కించి వెంటనే అంబులెన్సులో విశాఖ పంపించు. ఫోన్లు చేస్తాను, ఎక్కడ మందుందో కనుక్కుంటాను."

"ఆరుతో ఏమవుతుందో నీకు తెలుసు."

"తెలుసు. పన్నెండూ అతనికిచ్చినా చాలవు మృణా. ఈవిడా పోతుంది."

మృణాళిని పని మొదలుపెట్టింది. హైమావతి పద్నాలుగు ఆసుపత్రులకి ఫోన్లు చేసింది. పదిహేనో చోట మందుందన్నారు. అంబులెన్సు బయలుదేరింది. తమ్ముడు కూడా వెళ్లాడు. పిల్లకి జ్వరంగా ఉండటంతో భార్య ఉండిపోయింది.

రెండు గంటలకల్లా ముసలమ్మ కళ్లు పూర్తిగా తెరిచి మంచినీళ్లు అడిగింది. మూడు గంటలకి అంబులెన్సు డ్రైవరు ఫోను చేశాడు. ఘాట్ రోడ్డు దగ్గర కొండచరియ పడి రోడ్డు ఆగిపోయిందనీ, పక్క దారిన తిప్పుకుని వెళ్తుండగా మనిషి పోయాడనీ చెప్పాడు.

మృణాళిని ఫోను బల్ల మీద పెట్టింది. చేతులు కడుక్కుంది. ఇంకోసారి కడుక్కుంది. వరండాలోకి వెళ్లబోయింది.

"నువ్వుండు" అంది హైమావతి. "నేను చెబుతాను."

ఇన్నేళ్ల పరిశోధనలో ఆమె ఒక్క చావు కబురు కూడా తన నోటితో ఎవరికీ చెప్పలేదు. వరండాలో తవిటయ్య భార్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పిల్ల ఒళ్లో నిద్రపోతోంది. హైమావతి ముందర నిలబడి, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక, ఉన్నమాట చెప్పేసింది.

ఆ మనిషి ఏడవలేదు. కేక పెట్టలేదు. అర్థం కానట్టు చూసింది.

"మీరు పెద్ద డాక్టరమ్మగారా?"

"కాదమ్మా. పాము మందు ఎంత ఇవ్వాలో పుస్తకంలో రాసినదాన్ని."

"అలాగైతే మీకు తెలుసు కదా, ఆడికి ఎంతియ్యాలో."

"తెలుసు."

"ఇచ్చినారా?"

"లేదు."

పిల్ల కదిలింది. ఆమె వీపు మీద చెయ్యి వేసి నిద్రపుచ్చింది. మళ్లీ తలెత్తింది.

"ఎందుకియ్యలేదమ్మా?"

లోపల మృణాళిని ఎవరినో పిలుస్తోంది. వాన మళ్లీ మొదలైంది. మందు లేదమ్మా అని ఒక్క మాట చెప్పి లోపలికి వెళ్లిపోవచ్చు. అది కూడా అబద్ధం కాదు.

హైమావతి నేల మీద ఆమె ఎదురుగా కూర్చుంది.

"పదకొండేళ్ల కిందట సింహాచలం అని ఒకాయన మీ కొండల్లో ఊరూరూ తిరిగి నా దగ్గరికి వచ్చాడు" అని మొదలుపెట్టింది.